తెలుగు అక్షరాన్ని విడదీసి చూడటం ఎలా? చెన్నైలో పెళ్లికార్డు, షాపు బోర్డు వేయించేవాళ్ల కోసం

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో కార్డుల షాపులకు కొదవ లేదు. మోడల్ ఎంచుకోవడం, రేటు మాట్లాడుకోవడం తేలిగ్గానే అయిపోతాయి. అసలు టెన్షన్ ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి ఇచ్చే నమూనా) చేతికొచ్చాకే. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి తెలుగు రాదు. మనం పంపిన కాగితం చూసి ఆకారాలను దింపుతాడు, అంతే. ఏదో తేడాగా ఉందని మనకు తెలుస్తూనే ఉంటుంది. "ఎక్కడ సార్?" అని అతను అడిగితే మాత్రం "మొత్తం అదోలా ఉంది తమ్ముడూ" అని నసుగుతాం. అదోలా ఉందంటే అతను ఏం సరిచేస్తాడు?

వావిళ్ళ వారి ప్రెస్సు 1854లో మొదలైంది ఈ ఊళ్లోనే. చందమామ 1947లో పుట్టిందీ ఇక్కడే. ఇప్పుడు మాత్రం తెలుగు చదవగలిగే డీటీపీ ఆపరేటర్ దొరికితే అదృష్టం. దొరకలేదని కంగారు పడక్కర్లేదు. అతనికి మన భాష నేర్పనవసరం లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలు. "ఈ ముక్క ఆ గీతకు తగలకూడదు", "దీని కింద ఇంకొంచెం చోటు కావాలి" అంటే ఏ భాషవాడైనా చేసేస్తాడు. అలా చూపించాలంటే ముందు మనకు అక్షరం ముక్కలుగా కనిపించాలి. పేర్లు కొత్తగా నేర్చుకోవాల్సినవేం కావు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అని చిన్నప్పుడు పలక మీద దిద్దినవే.

బటర్ పేపర్ మీద అయిదు గీతలు

ఏదైనా యూనికోడ్ తెలుగు ఫాంటులో (ఫోన్‌లో టైపు చేసే తెలుగు ఈ రకమే) "పద్మశ్రీ" అని టైపు చేసి, సైజు 150 పాయింట్లు పెట్టి, ఏ4 కాగితాన్ని అడ్డంగా తిప్పి ప్రింటు తీయండి. దాని మీద బటర్ పేపర్ పరిచి క్లిప్పులు పెట్టండి. ఈ మాటే ఎందుకంటే, తెలుగు అక్షరం పైకీ కిందకీ చేసే విన్యాసాలు చాలావరకు ఈ మూడక్షరాల్లోనే దొరుకుతాయి.

మొదటి గీత "ద" అడుగున గీయండి. కింద ఉన్న ఒత్తును లెక్కలోకి తీసుకోకండి. టైపోగ్రఫీలో బేస్‌లైన్ అనేది ఇదే. రెండో గీత "ద" గుండ్రం ఎక్కడ ముగిసిందో అక్కడ, తలకట్టుకు కింద. ఈ రెండు గీతల మధ్య ఉన్నది అక్షరం ఒళ్లు. మూడోది తలకట్టు కొసన. నాలుగోది "శ్రీ" మీది గుడిదీర్ఘం ఎంత ఎత్తుకు పోయిందో అక్కడ. అయిదోది ఒత్తు అడుగున.

ఇప్పుడు స్కేలు పెట్టి కొలవండి. ఒళ్లు ఎత్తు ఎంత, నాలుగో గీత నుంచి అయిదో గీత దాకా మొత్తం ఎత్తు ఎంత? కాగితం మీద మాట ఎంతో పెద్దదిగా కనిపించినా ఒళ్లుకు దక్కిన వాటా చిన్నదే. మిగతాదంతా పైనున్న గుర్తులకూ కిందున్న ఒత్తులకూ పోతుంది. ఇంగ్లీషులో అంత తేడా ఉండదు. స్మాల్ లెటర్ ఎక్స్ ఎత్తును ఎక్స్ హైట్ అంటారు. బి, డి, హెచ్ లాంటివి దాని పైకి, పి, జి లాంటివి కిందకి కాస్త చాస్తాయి. ఒకదాని కింద ఇంకొకటి పేర్చే అలవాటు ఆ లిపికి లేదు.

ఇదే పనిని రెండో ఫాంటుతో, అదే 150 పాయింట్లకు చేయండి. ఒళ్లు ఎత్తు మారిపోతుంది. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. అయితే అది కొలిచేది అక్షరాన్ని కాదు, అక్షరం కూర్చునే ఊహాపెట్టెను. ఆ పెట్టెలో ఒళ్లును పెద్దగా గీయాలా చిన్నగా గీయాలా అన్నది ఫాంటు గీసినవాళ్ల ఇష్టం. కాబట్టి ప్రెస్సులో "14 పాయింట్లు పెట్టు" అంటే సరిపోదు. "ఈ అక్షరం ఒళ్లు మూడు మిల్లీమీటర్లుండాలి" అని చెప్పండి, ఇక గొడవే ఉండదు.

తలకట్టు దగ్గర ఆగండి

నా లెక్కన తెలుగు ఫాంటు నాణ్యత సగం తలకట్టులోనే తెలిసిపోతుంది. క, గ, చ, త, ద, న లాంటి చాలా హల్లులకు అది ఉంటుంది. ఖ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ లకు విడిగా ఉండదు. గుడి, ఎత్వం, దీర్ఘం, పొల్లు వచ్చినప్పుడు తలకట్టు తప్పుకుని వాటికి చోటిస్తుంది. "క" లో ఉన్న తలకట్టు "కి" లో, "కె" లో, "కా" లో, "క్" లో కనిపించదు. కొమ్ము, వట్రసుడి మాత్రం దాన్ని కదపవు. "కు", "కృ" చూడండి, తలకట్టు అక్కడే ఉంటుంది.

అది ఒళ్లుకు ఎక్కడ అంటుకుంటుంది అన్నది ఇంకా ముఖ్యం. చాలావాటికి తలకట్టు కింది కొస ఒళ్లులోకి కలిసిపోతుంది. ఘ, ప, ఫ, ష, స, హ లకు మాత్రం అంటకుండా విడిగా నిలబడుతుంది. "ప" పైభాగం తెరుచుకుని ఉంటుంది, ఆ తెరుపులో తలకట్టు వేలాడుతుంది. ఆ సందు మూసేస్తే అది "వ" అయిపోతుంది. లావు ఫాంటులో, చిన్న సైజులో, పైగా సిరా పీల్చే కాగితం మీద ఆ సందు పూడుకుపోవడం మామూలే. "పద్మ" కాస్తా "వద్మ" అవుతుంది. అందుకే ప్రూఫ్‌లో ముందు ప ఎక్కడెక్కడ ఉందో వెతికి, ప్రతి చోటా సందు ఉందో లేదో చూడండి.

కొమ్ము విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే ఉంది, అది మన లిపే తీసుకున్న జాగ్రత్త. కు, గు, తు లలో కొమ్ము అక్షరానికి కుడి పక్కన నిలబడుతుంది. "వ" కు అలాగే పెడితే అది "మ" లా కనిపిస్తుంది. అందుకని పు, ఫు, వు లలో కొమ్ము కింది వైపు నుంచి తగులుకుంటుంది. కొత్త ఫాంటు చూసినప్పుడల్లా "పువ్వు" అని టైపు చేసి చూడండి. ఆ ఒక్క మాటలో గీసినవాళ్ల చేయి తెలిసిపోతుంది.

కిందకి దిగితే

ఎక్కువ ఒత్తులు ఆ అక్షరాన్నే తలకట్టు తీసేసి చిన్నగా రాసినవి. గ, చ, ద, వ ఒత్తులు అలాంటివి. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం సొంత రూపాలున్నాయి. ర ఒత్తును క్రావడి అంటారు, అది అక్షరం అడుగును ఎడమ వైపు నుంచి చుట్టుకుంటుంది. య ఒత్తు కింద మొదలై కుడి పక్కన పైకి లేస్తుంది. అది ఎంత పైకి లేస్తే తర్వాతి అక్షరం అంత దూరం జరగాల్సి వస్తుంది. "విద్యా" అన్న మాటలో నడుమ గతుకు పడ్డట్టు కనిపిస్తే కారణం సాధారణంగా అదే.

చెన్నైలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. తమిళంలో ఒత్తులు పేర్చరు. హల్లు మీద చుక్క పెట్టి పక్కన ఇంకో హల్లు రాస్తారు. తమిళ పేజీలు కూర్చి కూర్చి అలవాటైన ఆపరేటర్‌కు వరుసల మధ్య ఎంత చోటు వదలాలన్నది ఆ లిపి నేర్పిన లెక్క. పైగా పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లు తమంతట తాము వదిలేది సాధారణంగా అక్షరం సైజుకు 120 శాతం, అంటే 12 పాయింట్లకు 14.4. తెలుగుకు అది చాలదు. పై వరుసలోని "ష్ట్ర" వచ్చి కింది వరుసలోని "శ్రీ" నెత్తిన కూర్చుంటుంది. 12 పాయింట్లకు 18 అడగండి. కార్డులో సంస్కృత శ్లోకం ఉంటే ఇంకో పాయింటు ఎక్కువే అడగండి. "చోటు చాలదు సార్" అంటాడు. అప్పుడు సైజు అర పాయింటు తగ్గించమనండి తప్ప వరుసల మధ్య చోటును వదులుకోకండి.

లోపలి తెలుపు

అక్షరమంటే నల్ల గీతే అనుకుంటాం కానీ చదివించేదాంట్లో సగం గీత లోపల మిగిలిన తెలుపు. దాన్ని టైపు గీసేవాళ్లు కౌంటర్ అంటారు. ర మధ్యలో చుక్క పెడితే ఠ. ద అడుగున చిన్న నిలువు గీత వేస్తే ధ, దాని లోపల చుక్క కూడా పెడితే థ. ఢ, ఛ, ఫ, భ లకూ అడుగున ఆ చిన్న గీతే ఆధారం. అక్షరాన్ని బోల్డ్ చేస్తే గీత లావెక్కి లోపలి తెలుపు తగ్గుతుంది. చుక్క గోడకు అంటుకుంటుంది, అడుగు గీత పొట్టలో కలిసిపోతుంది. పెళ్లికూతురు రాధ కార్డులో "రాద" అయ్యేది ఇలాగే, టైపు చేసినవాడి తప్పేం ఉండదు.

కార్డుల మీద బంగారు రంగు ఫాయిల్ వేయించేవాళ్లు ఇది మరీ చూసుకోవాలి. ఫాయిల్‌లో సన్నటి సందులు నిలవవు, పూడిపోతాయి. పేర్లకు మాత్రం ఫాయిల్ పెట్టి, ముహూర్తం, అడ్రసు మామూలు సిరాలో వేయించడం మేలు.

గీత, దాని కొస

ఇంగ్లీషు ఫాంట్లలో సెరిఫ్, సాన్స్ సెరిఫ్ అని రెండు రకాలుంటాయి. గీత కొసన చిన్న పాదం ఉంటే సెరిఫ్, లేకపోతే సాన్స్. తెలుగులో నిలువు గీతలే తక్కువ కాబట్టి ఆ పాదాల కోసం వెతికి లాభం లేదు. మనం చూడాల్సింది గీత మందం. నోటో సాన్స్ తెలుగులో గీత దాదాపు ఒకే మందంతో సాగుతుంది. నోటో సెరిఫ్ తెలుగులో ఒకచోట లావు, ఒకచోట సన్నం. రెండింటినీ పక్కపక్కన పెట్టి "లక్ష్మి" రాయిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దగ్గరగా పట్టుకుని చదివే కార్డుకు లావు సన్నాలు అందం. దూరం నుంచి చూసే బోర్డు మీద సన్నటి చోట్లు మాయమవుతాయి, అక్షరం ముక్కలైనట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. గుండ్రటి అక్షరాన్ని బేస్‌లైన్ మీద కచ్చితంగా కూర్చోబెడితే కంటికి పైకి తేలినట్టు కనిపిస్తుంది. అందుకే ఫాంటు గీసేవాళ్లు గుండ్రాన్ని గీత కిందకి ఒక వెంట్రుకవాసి దింపుతారు, దాన్నే ఓవర్‌షూట్ అంటారు. మన లిపి నిండా గుండ్రాలే కాబట్టి ఈ సర్దుబాటు దాదాపు ప్రతి అక్షరంలోనూ ఉంటుంది. సైన్‌బోర్డు అతికించే మనిషి స్కేలు ఆనించి అన్నీ సమం చేయబోతే ఆ సర్దుబాటు పోయి, అక్షరాలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. కంప్యూటర్‌లో ఎలా ఉందో ఆ స్టెన్సిల్‌నే గోడ మీద పెట్టి అతికించమనండి.

ఫాంటుకు పెట్టే పరీక్ష

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు చాలానే ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. మండలి, రామభద్ర, మల్లన్న, పెద్దన, సూరన్న, తెనాలి రామకృష్ణ లాంటి పేర్లతో ఉన్నవాటిలో ఎక్కువ భాగం పురుషోత్ కుమార్ గుట్టుల గీసినవి. అనెక్ తెలుగు అనే దాంట్లో లావు, వెడల్పు మనకు కావలసినట్టు మార్చుకునే వీలుంది. ఏది తీసుకున్నా, కొనేది కాకపోయినా, ఈ మాటలు టైపు చేసి చూశాకే ఒప్పుకోండి: పువ్వు, జ్యోత్స్న, స్థైర్యం, మొదలు, యోగం, విజ్ఞప్తి, లక్ష్మి, రాష్ట్రం.

వీటిలో నాకు బాగా నచ్చిన పరీక్ష "స్థైర్యం". ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క ఉన్న గుర్తు. "స్థై" లో కింద థ ఒత్తు ఉంటుంది, ఐత్వం కింది ముక్క కూడా అక్కడికే రావాలి. బాగా చేసిన ఫాంటు రెండింటికీ చోటు సర్దుతుంది. హడావుడిగా చేసిన ఫాంటులో రెండూ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్ద అవుతుంది. "జ్యోత్స్న" లో త కింద రెండు ఒత్తులు పడాలి, రెండోది అయిదో గీతను దాటి ఎంత దూరం పోయిందో చూడండి. "మొదలు", "యోగం" లలో ఒత్వం, ఓత్వం మిగతా అక్షరాల్లో ఉన్నట్టు పైన ఉండవు. ఎత్వం గుర్తుకు కుడి పక్కన కొమ్ము లాంటిది చేరిన రూపం రావాలి.

బాపు గారి చేతిరాత ఫాంటు కావాలని అడిగేవాళ్లు చాలామంది. అడగడం న్యాయమే, ఆయన చాలాకాలం ఉన్నదీ ఈ ఊళ్లోనే. వధూవరుల పేర్లకు, "శుభలేఖ" అన్న మాటకు అది నిండుగా ఉంటుంది. కల్యాణ మండపం అడ్రసు, బస్ స్టాపు పేరు, ఫోన్ నంబర్ల పక్కన పేర్లు కూడా అందులోనే వేయిస్తే ఊరి నుంచి వచ్చే పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదవాల్సి వస్తుంది. చేతిరాత ఫాంటును పెద్ద సైజుకే ఉంచండి.

పక్కనే ఇంగ్లీషు ఉంటే

మీ దగ్గర బటర్ పేపర్ ఉంది కదా. తెలుగు ఒళ్లు ఎత్తు గీసిన కాగితాన్ని ఇంగ్లీషు ప్రింటు మీద పెట్టండి. ఇంగ్లీషు స్మాల్ లెటర్ల ఎత్తు తెలుగు ఒళ్లుకు సరిపోయేదాకా ఇంగ్లీషు సైజు తగ్గించుకుంటూ పొండి. పాయింట్లు రెండింటికీ ఒకటే ఉండాలన్న పట్టుదల పనికిరాదు. ఆ పైన గీతల మందం చూసుకోండి. తెలుగు ఒకే మందంలో ఉంటే ఇంగ్లీషుకూ సాన్స్ సెరిఫ్, తెలుగులో లావు సన్నాలుంటే ఇంగ్లీషుకు సెరిఫ్. అంతకు మించి ఆలోచించక్కర్లేదు.

ఆపరేటర్ పక్కన కూర్చున్నప్పుడు

మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్. చాలా ప్రెస్సుల్లో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి, వాటికి యూనికోడ్ అర్థం కాదు. అక్కడ పేస్టు చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చి వేస్తారు, మార్చినప్పుడు అరుదైన ఒత్తులు తప్పిపోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి మార్చిన తర్వాత వచ్చిన ప్రూఫ్‌ను మొదటి నుంచి మళ్లీ చదవాల్సిందే.

ఫొటోషాప్‌లో చేస్తూ "ప్ర" బదులు ప కు పొల్లు, పక్కన ర విడివిడిగా కనిపిస్తే ఫాంటును తిట్టకండి. కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోట వరల్డ్ రెడీ లేఅవుట్ ఉంటుంది, దాన్ని ఎంచుకోమనండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్. ఒత్తులు చక్కగా కలుస్తాయి.

దీనికి పూర్తిగా తలకిందులైన సమస్య పేర్లలో వస్తుంది. "రాజ్‌కుమార్" లో జ్ విడిగా నిలవాలి, కానీ మామూలుగా టైపు చేస్తే "రాజ్కుమార్" అయి క ఒత్తు జ కింద చేరుతుంది. మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడితే ఆగుతుంది. దాని యూనికోడ్ సంఖ్య 200సి. ఆపరేటర్‌కు ఇది వివరించడం కన్నా, సరిగ్గా ఉన్న పేరును మీ ఫోన్‌లోంచి కాపీ చేసి పంపడం సుఖం.

బోర్డు వేయించేటప్పుడు

తమిళనాడులో షాపు బోర్డు మీద తమిళం ముందుండాలి, తర్వాత ఇంగ్లీషు, ఆ తర్వాతే మరో భాష. నిష్పత్తి 5:3:2. మూడడుగుల ఎత్తు బోర్డులో ఆ లెక్కన తెలుగుకు వచ్చేది ఏడు అంగుళాల చిల్లర. అందులో పైన గుడికి, కింద ఒత్తుకు పోగా ఒళ్లుకు మిగిలేది మూడు అంగుళాలు ఉంటే గొప్ప. సైన్‌బోర్డు పనిలో ఒక మొరటు లెక్క ఉంది: అంగుళం ఎత్తు అక్షరానికి పది అడుగుల దూరం. అంటే మీ తెలుగు పేరు ముప్పై అడుగుల దాకా హాయిగా చదవొచ్చు, రోడ్డు అవతలివాళ్లకు కష్టం. అందుకే బోర్డుకు ఒళ్లు పెద్దగా, గుర్తులు పొట్టిగా ఉన్న ఫాంటు తీసుకోండి. పేరు పెట్టే దశలోనే ఉంటే ఒత్తులు లేని పేరు ఆలోచించండి, నవ్వులాటకు కాదు, నిజంగానే. "కమల" కు దక్కే ఒళ్లు "జ్యోత్స్న" కు దక్కదు.

యాక్రిలిక్ అక్షరాలు కోయిస్తుంటే ఇంకో పని ఉంది. విడిగా ఉన్న ప్రతి ముక్కా విడిగానే కోతకు వస్తుంది. ప, స, హ ల తలకట్లు, థ లోని చుక్క, సున్నలు, కొన్ని ఒత్తులు, అన్నీ ఒక కవర్లో కలిసి వస్తాయి. తెలుగు రాని మనిషి నిచ్చెన మీద నిలబడి ఆ తలకట్టును ఎటు తిప్పాలో ఎలా చెప్పగలడు? కోతకు ముందే ప్రతి ముక్కకూ అంకె వేయించి, అదే అంకె స్టెన్సిల్ మీదా వేయించండి. అతికించే రోజు మీరో, తెలుగు చదవగలిగే మనిషో కింద నిలబడి ఉండాలి.

సంతకం పెట్టే ముందు

చివరి ఫైలులో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే వట్టి బొమ్మలుగా, మార్చి ఇమ్మనండి. కోరల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్, ఇల్లస్ట్రేటర్‌లో క్రియేట్ ఔట్‌లైన్స్. అలా మార్చాక ఇంకో కంప్యూటర్‌లో ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. మారిస్తే మళ్లీ టైపు చేసి దిద్దడం కుదరదు, కాబట్టి పాత ఫైలు కూడా దాచమనండి. పీడీఎఫ్‌ను ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చూసి ఓకే చెప్పకండి. అంత పెద్ద సైజులో ప్రతి సందూ తెరుచుకునే కనిపిస్తుంది. అసలు సైజులో, అసలు కాగితం మీద ఒక్క ప్రింటు అడగండి. ప లు, ధ లు, థ లు వెతకండి, ఐత్వాల అడుగు చూడండి, వరుసల మధ్య ఒత్తులు ఎక్కడైనా తగులుతున్నాయేమో చూడండి. తేడా ఉన్న చోట ఎర్ర పెన్నుతో సున్న చుట్టి, పక్కన సరైన ఆకారం మీ చేత్తో పెద్దగా గీసి ఇవ్వండి.